సిలబస్‌లో లేని యాభై లక్షలు

హైదరాబాద్ అశోక్ నగర్‌లో, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే ఏ రీడింగ్ రూములోకైనా వెళ్ళి ‘బైరాక్’ అని గట్టిగా అనండి. పుస్తకంలోంచి తలెత్తకుండానే జవాబులు వస్తాయి. కేంద్ర జీవసాంకేతిక శాఖ. 2012. లాభాపేక్ష లేని కంపెనీ. ఢిల్లీలో ఆ శాఖ గుమాస్తా కూడా ఇంత తడుముకోకుండా చెప్పలేడేమో.

కొత్త మందో, టీకానో, ఆస్పత్రికి పనికొచ్చే పరికరమో కనిపెడతామని వచ్చే చిన్న కంపెనీలకు ఈ బైరాక్ డబ్బిస్తుంది. అందులో మొదటి మెట్టు పేరు బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్, పొట్టిగా ‘బిగ్’. 50 లక్షల రూపాయల దాకా ఇస్తారు. 18 నెలల్లో ఆలోచన పనిచేస్తుందని రుజువు చూపాలి. అప్పు కాదు, గ్రాంటు. మొన్నామధ్య చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర ఛాయ్ బండి పక్కన దీని మీదే చర్చ నడుస్తోంది.

“అన్నా, బిగ్ గ్రాంటు ఎంత?”

“యాభై లక్షలు, పద్దెనిమిది నెలలు. రాస్కో, బిట్టు పక్కా వస్తది.”

“దానికి అప్లై ఎట్ల చెయ్యాలె?”

“అది సిలబస్‌ల లేదు తమ్మీ.”

అడిగిన కుర్రాడు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ. చెప్పినాయన బీఫార్మసీ.

నిజానికి ఈ సొమ్ముకు అశోక్ నగర్‌ను మించిన అర్హులు దేశంలో దొరకరు. పరిశోధన చేసేవాడికి కావలసింది ఓపిక. జీతం లేకుండా ఏళ్ళు గడపాలి, ఒక గదిలో నలుగురు సర్దుకోవాలి, ఫారాలు తప్పుల్లేకుండా నింపాలి, ఫలితం ఎప్పుడొస్తుందని అడిగే నాన్నకు ఫోన్లో ఏదో ఒకటి చెప్పాలి. ఈ విద్యలన్నీ ఇక్కడివాళ్ళకు కొట్టిన పిండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ ఒకసారి పేపరు లీకై రద్దయింది, ఇంకోసారి బయోమెట్రిక్ తీసుకోలేదని హైకోర్టులో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో మళ్ళీ మొదటికొచ్చి, 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్. ఈ మధ్యలో 18 నెలల గ్రాంటు ఒకటి పుట్టి, పెరిగి, ఖర్చు లెక్కలు కూడా అప్పజెప్పేసి ఉండేది.

అయితే మన ఎమ్మెస్సీ తమ్ముడు గ్రాంటు తెచ్చుకున్నాడనే అనుకుందాం. పరికరం తయారైంది, పనిచేస్తోంది. ఎథిక్స్ కమిటీ, ఔషధ నియంత్రణ అనుమతులు, రోగుల మీద పరీక్షలు, అన్నీ ఏదోలా దాటాడు. యాభై లక్షలు ఎప్పుడో అయిపోయాయి, పుస్తెలు కూడా తాకట్టుకు వెళ్ళాయి. ఇప్పుడు సర్కారు ఆస్పత్రికి అమ్మాలి. టెండరు కాగితం అడుగుతుంది: గత మూడేళ్ళ టర్నోవరు ఎంత? ఇదే వస్తువు ఇంతకుముందు ఎన్ని ఆస్పత్రులకు సరఫరా చేశారు? కొత్తది కనిపెట్టమని డబ్బిచ్చిన సర్కారే, అది పాతదని రుజువు తెమ్మంటుంది.

అలాగని నిబంధనలు కఠినమని నిందించకండి. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నిబంధనల్లో అంకుర సంస్థలకు అనుభవం, టర్నోవరు షరతులు సడలించే వీలుంది. సడలించాల్సింది కొనే అధికారి. సడలించాక ఆడిట్ అభ్యంతరం వస్తే ఫైలు మీద సంతకం ఎవరిది? అందుకని ఆయన తక్కువ ధర కోట్ చేసిన పాత కంపెనీకే ఆర్డరిచ్చి ప్రశాంతంగా నిద్రపోతాడు. ఆయన్ను మాత్రం ఏమనగలం? నెగెటివ్ మార్కులుండే పరీక్షలు రాసి ఆ కుర్చీలోకి వచ్చినవాడు. తెలియని ప్రశ్న వదిలేయాలని కోచింగ్‌లో నేర్పింది మనమే.

శాంతా బయోటెక్నిక్స్ సంగతి ఇప్పుడు హైదరాబాద్ గర్వంగా చెప్పుకుంటుంది. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి 1993లో ఆ కంపెనీ పెట్టారు. ఆయన చదివింది ఇంజనీరింగ్, పెట్టింది టీకాల కంపెనీ. హెపటైటిస్-బి టీకా దిగుమతి చేసుకుంటే ఒక డోసుకు వందల రూపాయలయ్యే రోజులవి. మన బ్యాంకులు ముఖం తిప్పుకుంటే, పెట్టుబడి ఒమన్ విదేశాంగ మంత్రి నుంచి వచ్చింది. మన పిల్లల కాలేయం మీద మన బ్యాంకు మేనేజర్ కంటే మస్కట్‌లోని మంత్రికి నమ్మకం ఎక్కువన్నమాట. కేంద్రం పెట్టిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు రుణం ఆ తర్వాతి మాట. 1997 ఆగస్టులో టీకా మార్కెట్లోకి వచ్చింది, ధర నేలకు దిగింది. ప్రభుత్వం తన టీకాల కార్యక్రమంలో హెపటైటిస్-బిని ప్రయోగాత్మకంగా చేర్చింది 2002లో. దేశమంతటికీ చేరింది 2011లో. ఈలోగా, 2009లోనే, శాంతా కంపెనీ ఫ్రాన్స్ వారి సనోఫీ చేతికి వెళ్ళిపోయింది.

సర్కారు తలుచుకుంటే ఏమవుతుందో కూడా హైదరాబాద్‌కు తెలుసు. విరేచనాలతో పసిపిల్లల్ని పొట్టనపెట్టుకునే రోటావైరస్‌కు టీకా కోసం జీవసాంకేతిక శాఖ, ఇక్కడి భారత్ బయోటెక్ ఏళ్ళ తరబడి కలిసి పనిచేశాయి. 2015లో రోటావాక్ వచ్చింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో పిల్లలకు వేయడం మొదలుపెట్టారు. పరిశోధనకు సాయం చేసిన చేత్తోనే ప్రభుత్వం కొనింది కూడా. అలాంటి చేయి అన్ని ఫైళ్ళకూ దొరకదు.

ఆర్డర్లకు లోటులేని టీకా ఎలా ఉంటుందో చూడాలంటే, అశోక్ నగర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. హాస్టల్ వీధుల్లో రాత్రి చదువు ముగించి వస్తూ కుక్క చేత కరిపించుకున్న అభ్యర్థులు తప్పనిసరిగా దర్శించే క్షేత్రం. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని పెద్దవాళ్ళు భయపెట్టేవారు. అది గొర్రె మెదడు నుంచి తీసిన పాతకాలపు టీకా. ఇప్పుడు చేతికి వేసే కొత్త టీకాలు వచ్చాయి. వాటిలో అభయరాబ్ మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ది. ఆ కంపెనీని 1982లో పాడి పరిశ్రమ అభివృద్ధి బోర్డు పశువుల గాలికుంటు టీకా కోసం పెట్టింది. గేదెల కోసం మొదలైంది మనుషులక్కూడా అక్కరకొచ్చింది. వీధికుక్కలున్నంత కాలం ఆర్డర్లకు లోటుండదు. పరికరం కనిపెట్టిన తమ్ముడికి అలాంటి స్థిరమైన మద్దతుదారులు వీధిలో లేరు.

చిన్న కంపెనీల పరిశోధనకు సర్కారు డబ్బిచ్చే ఈ పనికి అమెరికాలో 1982లోనే చట్టం చేశారు. పెద్ద ప్రభుత్వ సంస్థలు బయటివారికిచ్చే పరిశోధన నిధుల్లో కొంత వాటా చిన్న కంపెనీలకు పక్కన పెట్టాలన్న నియమం వచ్చింది; 2017 నాటికి ఆ వాటా 3.2 శాతానికి చేరింది. అక్కడ మూడో దశ ఒకటుంది: గ్రాంటుతో పుట్టిన వస్తువును ఆ ప్రభుత్వ సంస్థ మళ్ళీ పోటీ టెండరు పిలవకుండా నేరుగా కొనుక్కోవచ్చు. చిన్న తిరకాసు మాత్రం ఉంది. కంపెనీలో సగానికి పైగా వాటా అమెరికా పౌరులదో, గ్రీన్ కార్డున్నవాళ్ళదో కావాలి. కాబట్టి హెచ్1బీ మీద బోస్టన్ వెళ్ళిన మన ఎమ్మెస్సీ అన్నయ్య అక్కడ కూడా క్యూలోనే ఉంటాడు. క్యూ మనకు కొత్త కాదనుకోండి.

మనకు చట్టాలు లేవా అంటే అదీ కాదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే జరగాలన్న నియమం ఉంది. బల్లలు, బెడ్‌షీట్లు, ఫైలు కవర్లు ఎవరైనా కొంటారు, వాటికి చరిత్ర ఉంది కాబట్టి. పెద్దలకు విన్నపం ఒక్కటే: ఆ పాతికలో ఒక్క శాతం, మీ డబ్బుతోనే పుట్టి మీ అనుమతులతోనే బయటికొచ్చిన పరికరాలకు ఇవ్వండి. రాష్ట్రాలూ తమ ఆస్పత్రుల కొనుగోళ్ళలో అదే చేయవచ్చు. టెండరులో పాత అనుభవం అడిగే గడిని ఆ ఒక్క శాతానికి కొట్టేయండి. సంతకం పెట్టిన అధికారికి ఆడిట్ నుంచి రక్షణ కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, లేకపోతే ఆయన ఆ ప్రశ్న కూడా వదిలేస్తాడు.

ఇక ఛాయ్ బండి దగ్గరి తమ్ముడికి: బిగ్ దరఖాస్తులను ఏడాదికి రెండుసార్లు పిలుస్తారు. హైదరాబాద్‌లో దాని భాగస్వామి, శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఉన్న ఐకేపీ నాలెడ్జ్ పార్క్. కంపెనీ లేని వ్యక్తులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. రాతపరీక్ష లేదు, నిపుణుల ముందు ఇంటర్వ్యూ మాత్రం ఉంటుంది.