కంకర రోడ్డు మీద ఆరేళ్ళు

ఆర్ అండ్ బి అంటే మనకి రోడ్లు, భవనాల శాఖ. అమెరికా సంగీతప్రియులకి రిథమ్ అండ్ బ్లూస్. ఈ వ్యాసకర్త ఆరాధించే ఆల్బమ్ పేరు మాత్రం మన శాఖకే దగ్గర: 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్'. కంకర రోడ్డు మీద కారు చక్రాలు! తెలుగులో చెబితే టెండరు ప్రకటనలా ఉంటుందని ఆయన ఎవరికీ తెలుగులో చెప్పడు.

పాడింది లూసిండా విలియమ్స్. విడుదల 1998 జూన్ 30న. మొత్తం 13 పాటలు. ఆయన వీటిని ఎన్నిసార్లు విన్నాడో ఇంట్లోవాళ్ళు లెక్క కట్టారు గానీ, ఆ అంకె పత్రికకి ఎక్కకూడదని ఒప్పందం.

మొదటిసారి వినిపించినప్పుడు ఇల్లాలు రెండు పాటలు ఓపిగ్గా విని, "ఏమండీ, ఆవిడకి జలుబా?" అంది.

"జలుబు కాదోయ్, దక్షిణాది యాస. లూసియానాలో పుట్టిన మనిషి. ఈ ఆల్బమ్‌కి ఆరేళ్ళు పట్టింది తెలుసా?"

"ఆరేళ్ళయినా తగ్గలేదా?"

ఆరేళ్ళన్నది అభిమాని అతిశయోక్తి కాదు. దీని ముందరి ఆల్బమ్ 'స్వీట్ ఓల్డ్ వరల్డ్' వచ్చింది 1992లో. కొత్తదాని రికార్డింగ్ 1995లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో గర్ఫ్ మోర్లిక్స్‌తో మొదలై చాలా దూరం సాగింది కూడా. అంతలో ఆవిడ స్టీవ్ ఎర్ల్ ఆల్బమ్‌లో ఒక పాటకి గొంతు కలపడానికి వెళ్ళింది. అక్కడ తన గొంతు ఎంత బాగా పలికిందో విన్నాక ఇంకేముంది! పక్కింటి గోడకి వేసిన రంగు చూసొచ్చినవాడికి సొంతిల్లు వెలిసిపోయినట్టు కనబడదూ? నాష్‌విల్‌లో ఎర్ల్, రే కెనెడీలతో మళ్ళీ మొదలు. అక్కడా తెమల్లేదు. చివరి మెరుగులకి లాస్ ఏంజెలెస్‌లో రాయ్ బిట్టన్ దిగాడు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ బృందంలో కీబోర్డు వాయించేది ఆయనే. మిక్సింగ్‌కి రిక్ రూబిన్. ఈలోగా కంపెనీ కూడా మారి సరుకు మెర్క్యురీ చేతికి వచ్చింది. మూడు ఊళ్ళు, ఐదుగురు పెద్దమనుషులు. మనవైపు ఇంత తతంగం పెళ్ళి సంబంధానికే జరుగుతుంది. ఇంతా చేస్తే వినడానికి ఎలా ఉంటుందంటే, ఎవరో అరుగు మీద కూర్చుని అప్పటికప్పుడు పాడేసినట్టు! ఆ 'అప్పటికప్పుడు' కుదరడానికే అన్నేళ్ళు పట్టిందని ఈయన వాదన.

దీన్ని ఆల్ట్ కంట్రీ అంటారు. అంటే ఏమిటని అడక్కండి. ఆ సంగీతం కోసమే 1995లో పుట్టిన 'నో డిప్రెషన్' పత్రిక కూడా ఆల్టర్నేటివ్ కంట్రీ అని వేసుకుని, పక్కనే బ్రాకెట్లో 'అదేమిటో గానీ' అన్న అర్థం వచ్చేలా ముద్రించింది. లూసిండాకి ఈ గోత్రం గొడవ కొత్తకాదు. లాస్ ఏంజెలెస్ కంపెనీలు ఆవిడది కంట్రీ అని పొమ్మంటే, నాష్‌విల్ వాళ్ళు రాక్ అని తలుపేశారు. చివరికి ఈ ఆల్బమ్‌కి గ్రామీ దక్కింది సమకాలీన జానపదం విభాగంలో. రెండిళ్ళ బంతిలోనూ విస్తరి దొరకనివాడికి మూడో ఇంట్లో బూరెలు వడ్డించినట్టు.

'జాయ్' అనే పాటలో ఒకావిడ తన సంతోషాన్ని ఎవడో పట్టుకుపోయాడని, వెస్ట్ మెంఫిస్ వెళ్ళి, స్లైడెల్ వెళ్ళి వెతుక్కుంటానంటుంది. బస్సులో మరిచిపోయిన గొడుగు కోసం డిపోకి వెళ్ళినంత మామూలుగా! ఇక 'డ్రంకెన్ ఏంజెల్' 1989లో ఆస్టిన్‌లో తుపాకీ గుండుకి పోయిన పాటగాడు బ్లేజ్ ఫోలీ గురించి. బూట్లకి డక్ట్ టేపు చుట్టుకు తిరిగిన మనిషి. స్నేహితులు శవపేటికకి కూడా ఆ టేపే చుట్టారు. ఈ సంగతి చెప్పేటప్పుడు వ్యాసకర్త గొంతు పూడుకుపోతుంది. వచ్చిన చుట్టాలు నవ్వాలో ఏడవాలో తెలియక కాఫీ గ్లాసులోకి చూస్తారు.

ఆల్బమ్ పేరు మోసే పాటలో కారు వెనకసీట్లో ఒక చిన్నపిల్ల ఉంటుంది. లూసిండా తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి, ప్రొఫెసరు. 1997లో క్లింటన్ ప్రమాణ స్వీకారంలో కవిత చదివినవాడు. ఉద్యోగరీత్యా పిల్లల్ని వెంటేసుకుని ఊరూరూ తిరిగాడు. నాష్‌విల్‌లోని బ్లూబర్డ్ కెఫేలో కూతురు ఆ పాట పాడగా విని, దగ్గరికొచ్చి క్షమించమన్నాడట. వెనకసీట్లో ఉన్నది తనేనని కూతురికి అప్పటిదాకా తట్టనే లేదట.

మొన్నొక సాయంత్రం వంటింట్లోంచి కూనిరాగం వినబడింది. ఏడో పాట, 'కాంట్ లెట్ గో'! ఇన్నేళ్ళ తపస్సు ఫలించిందని ఆయన చేతిలో పేపరు పారేసి పరిగెత్తాడు.

"ఇదొక్కటీ బావుందండీ," అంది ఇల్లాలు పోపు వేస్తూ. "మిగతావి కూడా ఆవిడ ఇలాగే రాయకపోయిందా?"

ఆల్బమ్ మొత్తంలో లూసిండా చెయ్యి పడని పాట అదొక్కటే. రాసింది రాండీ వీక్స్.