గాలి ఒక్కపూటే, గొడవ పదిరోజులు

ఇప్పటి కుర్రాళ్లకి తుపానంటే తీరం దాటే ఆ ఒక్క రాత్రే. తెల్లారి కాస్త ఎండ పొడిస్తే చాలు, ఎక్కడో ఏసీ గదిలోంచి ఫోను: "లోడింగు మొదలెట్టారా?" ఏం లోడింగయ్యా, నా తలకాయ!

మా రోజుల్లో కాకినాడది లంగరు రేవే. డీప్ వాటర్ పోర్టు 1997లో వచ్చింది గానీ, అంతకుముందు ఓడ తీరానికి దూరంగా ఆగేది, బస్తాలు బార్జీల మీద వెళ్లేవి. బియ్యానికి ఇప్పటికీ చాలామటుకు అదే దారి. హోప్ ఐలాండు అడ్డుంది కనక మామూలు అలల్ని లెక్కచేసేవాళ్లం కాదు. రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారో, సరంగు ఎవర్నీ అడక్కుండా బార్జీని కాలవలోకి తిప్పేసేవాడు. ఇప్పుడు నాలుగు రోజుల ముందే తుపాను దారి ఫోన్లో కనబడుతుంది. దాన్ని చూస్తూనే లారీలు పిలిపిస్తారు! 1996 నవంబరు తుపానుకి ఇంత ముందుగా కబురందుంటే ఎందరు జాలర్లు ఇల్లు చేరేవారో, అది కాదనను. సరుకు విషయంలోనే నా ఏడుపు.

ఈ తొందరంతా డెమరేజీ భయం, అంటే లోడింగు గడువు దాటాక ఓడని ఆపినందుకు కట్టే డబ్బు. గడువులోపు వాన పడితే ఆ రోజులు లెక్కలోకి రావని ఒప్పందంలో మామూలుగా రాసుకుంటారు. గడువు దాటాక మాత్రం వానైనా వరదైనా మీటరు ఆగదు. అందుకని ముసురులోనే హ్యాచ్ మూత తీయమంటారు, బరకం కప్పితే సరిపోతుందంటారు. తడి బస్తా ఒకటి హోల్డులోకి దిగితే, ఆఫ్రికా చేరేసరికి దాని పక్కవీ ముక్కిపోతాయి. అక్కడ కొన్నవాడు ఊరుకుంటాడా?

గాలి పోయాక అసలు పని. లోతు సముద్రంలోకి తప్పుకున్న ఓడలు వెనక్కి రావాలి. ఛానెల్లో ఇసుక ఎంత మేట వేసిందో లోతు కొలవాలి. రైలు పట్టాలూ రోడ్లూ బాగుండాలి. జట్టు కూలీ ఇంటి కప్పే ఎగిరిపోతే మర్నాడు బస్తా మొయ్యడానికి ఎలా వస్తాడు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని కొడితే ఊళ్లో చాలాచోట్ల కరెంటు రావడానికే రోజులు పట్టింది. బెల్టుల మీద బొగ్గూ ఖనిజమూ నడిపే రేవుకి కరెంటు లేకపోతే ఇంకేముంది?

ఇదంతా మొన్న ఒక కుర్ర గుమాస్తాకి పూసగుచ్చినట్టు చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. విని, "రేపు మధ్యాహ్నం నుంచి ఎండేనండీ బాబాయ్ గారూ, యాప్‌లో ఉంది. నలభై లారీలకి చెప్పేశా" అన్నాడు.