పొయ్యి ఆగ్నేయంలో, సముద్రం తూర్పున

కారవాన్ అద్దెకు తీసుకుందామనగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "అందులో ఏ హీరో ఉంటాడ్రా?" అని. ఆవిడ తప్పు కాదు. తెలుగువాడికి కారవాన్ అంటే షూటింగులో హీరోగారు షాటుకీ షాటుకీ మధ్య వెళ్ళి కూర్చునే ఏసీ బండి. నిర్మాత అప్పుల్లో ఒక పద్దు. అందులో మనలాంటివాళ్ళం కూడా మంచం, పొయ్యి, ఫ్రిజ్ పెట్టుకుని సముద్రం వెంబడి ఊరూరా ఆగుతూ పోవచ్చన్న సంగతి మా ఇంట్లోకి తెచ్చినవాడు మా బావమరిది. డల్లాస్‌లో ఉంటాడు. కాలిఫోర్నియాలో హైవే 1 మీద అలాంటి బండిలో వారం రోజులు తిరిగాడు. ఆ వారానికి ఏడాదిగా వ్యాఖ్యానం చెబుతున్నాడు.

"మీకేం బావా, గుమ్మం ముందే సముద్రం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా దిగిపోవచ్చు" అన్నాడు ఫోన్లో. గుమ్మం ముందు సముద్రం ఉన్నవాడెవడూ సముద్రం చూడడని డల్లాస్‌లో ఉన్నవాడికి ఎలా చెప్పడం? విశాఖపట్నంలో పాతికేళ్ళుగా ఉంటున్నాను. చుట్టాలొస్తే తప్ప ఆర్కే బీచ్ మొహం చూడలేదు.

అయినా లెక్కలు తీశాను. మా చిన్నప్పుడు సాంఘికశాస్త్రం పరీక్షలో ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని రాస్తే ఒక మార్కు. ఇప్పుడది 1,053 కిలోమీటర్లట. ఎవరూ సముద్రాన్ని పూడ్చలేదు, నేల పెంచలేదు. కేంద్రం కొలిచే పటం మార్చింది. పాత పటంలో కనపడని వంపులూ పాయలూ కొత్త పటంలో కనపడ్డాయి. కూర్చున్నచోటే 79 కిలోమీటర్లు కలిసొచ్చాయి. రియల్ ఎస్టేటులో కూడా ఇంత చవగ్గా ఎవరికీ కలిసిరాలేదు. తీరం పెరిగింది కాబట్టి ఆగే చోట్లు కూడా పెరిగుంటాయని అనుకున్నాను. ఆ లెక్క ఏ పటంలోనూ లేదు.

'కడలి కాపురం' అని వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఎక్కడెక్కడ ఆగాలో తలా ఒక జాబితా పడేశారు. మా అమ్మాయిది తొమ్మిది రోజుల జాబితా. బారువలో గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళు, కళింగపట్నం లైట్‌హౌసు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, కోరంగి మడ అడవులు, చివర్లో పులికాట్ దగ్గర ఫ్లెమింగోలు. అమ్మ జాబితాలో సముద్రమే లేదు, అన్నవరం, పిఠాపురం, అంతర్వేది ఉన్నాయి. మామయ్యగారు ఊరి పేర్లు రాయలేదు. కాజా, లడ్డూ, చేపల పులుసు అని రాసి, ఏ ఊరో మమ్మల్నే తేల్చుకోమన్నారు. మా ఆవిడ మాత్రం ప్రతి పేరు కిందా ఒకే ప్రశ్న పెట్టింది. "అక్కడ బాత్రూమ్ ఉందా?"

"బండిలోనే ఉందిగా" అన్నాను.

"ఉంది. అది నిండితే ఎక్కడ పారబోస్తారండీ?"

ఇదే ప్రశ్న డల్లాస్ నుంచి ఇంగ్లీషులో వచ్చింది. అక్కడ కారవాన్లు ఆగే పార్కుల్లో కుళాయి, కరెంటు ప్లగ్గు, మురుగు గొట్టం మూడూ ఉంటాయట. పొద్దున్నే వెళ్ళి ట్యాంకు ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్ అని ఒకటి ఉంటుందట. "మనవైపు డంప్ స్టేషన్లు ఎక్కడున్నాయి బావా?" అని అడిగాడు. ఊరి చివర కాలవ గట్టు నుంచి బైపాస్ దాకా మనం ఎక్కడ పెట్టుకోలేదు గనక? పుట్టిన ఊరు కదా, నోరు కట్టుకున్నాను. బండి కంపెనీవాడు ఆ చిక్కు తనే విప్పేశాడు. బాత్రూమ్ వాడితే శుభ్రం చేసే చార్జీ అదనం అన్నాడు. ఆ అదనం ఎంతో విన్నాక బాత్రూమ్‌లో సూట్‌కేసులు పెట్టుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

తరవాత వాస్తు. బండి ఫోటోలు చూసి అమ్మ సిద్ధాంతిగారికి ఫోన్ చేసింది. పొయ్యి ముందు ఎడమ మూల, దొడ్డి వెనక కుడి మూల. ఆయన కాగితం మీద గీసుకుని చెప్పారు. బండి దక్షిణ ముఖంగా నిలబడితే పొయ్యి ఆగ్నేయంలోకి, దొడ్డి వాయవ్యంలోకి వస్తాయి, దివ్యంగా ఉంటుంది. ఉత్తర ముఖమైతే దొడ్డి ఆగ్నేయంలో పడుతుంది. పడమటి ముఖమైతే ఈశాన్యంలో దొడ్డి, ఆ మాట పూర్తి చేయడానికి కూడా ఆయన ఇష్టపడలేదు. తూర్పు ముఖమైతే ఈశాన్యంలో పొయ్యి, నైరుతిలో దొడ్డి, యజమానికి అరిష్టం. మనకేమో సముద్రం తూర్పున. ముందు అద్దంలోంచి సూర్యోదయం చూస్తూ కాఫీ తాగడమనే ఆ బొమ్మ కంపెనీ కరపత్రంలో ఉంది, మా ప్రయాణంలోంచి మాత్రం అక్కడికక్కడే పోయింది. అద్దె నాది కాబట్టి యజమానిని కూడా నేనే అవుతానేమోనని నేనూ గట్టిగా వాదించలేదు.

బండి ఖాళీగా ఉన్నది మాఘమాసంలో ఒక్క బుధవారం. మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి వారశూల. దాంతో బారువ తాబేళ్ళు, కళింగపట్నం, భీమిలి అన్నీ ఒక్క వేటుకి తెగిపోయాయి. గురువారం దక్షిణానికి శూల కదా అని మా అమ్మాయి ఎదురు తిరిగింది. బయల్దేరేది బుధవారమే కాబట్టి మధ్యలో శూల వర్తించదని అమ్మ తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టులో కూడా వెసులుబాట్లు ఇంత తొందరగా రావు. నాకు సెలవు దొరకక ఫ్లెమింగోలు పోయాయి. తొమ్మిది రోజులు మూడు రాత్రులయ్యాయి.

బయల్దేరాం. బండిలో గ్యాస్ పొయ్యి, మిక్సీ ఉన్నా, వాటిని నమ్మక మా ఆవిడ మా మిక్సీ, ఇడ్లీ పాత్ర వేరే తెచ్చింది. అన్నవరంలో దర్శనం, విస్తరాకు పొట్లంలో ప్రసాదం. కత్తిపూడి దగ్గర ఎడమకు తిరిగి 216 హైవే ఎక్కి పిఠాపురం మీదుగా ఉప్పాడ చేరేసరికి మధ్యాహ్నం మూడు. జమ్దానీ చీరలు చూడటానికి రెండున్నర గంటలు, సముద్రం చూడటానికి పది నిమిషాలు కేటాయించారు.

ఉప్పాడను నేను ఆగే చోటని రాసుకున్నాను. అక్కడ ఏదీ ఆగదు. రోడ్డు కూడా ఆగదు. తుపాను వచ్చినప్పుడల్లా కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డును సముద్రం కొరుక్కు తింటుంది, రాళ్ళు పోస్తారు, వాటినీ తింటుంది. ఇళ్ళూ గుళ్ళూ నీళ్ళలో కలిసిపోయిన ఊరది. రాత్రికి ఇక్కడ బండి పెట్టుకోవచ్చా అని ఒక పెద్దాయనను అడిగాను. ఆయన బాగుచేసుకుంటున్న వలలోంచి తలెత్తకుండానే "పెట్టుకోండి బాబూ. పొద్దున్నకి ఎక్కడుంటదో మేం చెప్పలేం" అన్నాడు.

ఇంకాస్త ముందుకెళ్ళి, పేరు చెప్పను, ఒక బీచ్‌లో ఆపాం. ఊరి పేరు మీద ప్రేమ ప్రకటించే మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలున్నాయి, ఎర్రగా గుండె బొమ్మ కూడా ఉంది. కుళాయి ఉంది, నీళ్ళు లేవు. మరుగుదొడ్డి ఉంది, తాళం వేసి ఉంది. తాళంచెవి పంచాయతీ ఆఫీసులో ఉంటుందట, పంచాయతీ ఆఫీసుకు తాళం వేసి ఉంది. ఒక్క చెట్టు నీడ లేదు. గుండె బొమ్మకయిన ఖర్చులో సగంతో రెండు దొడ్లు కట్టొచ్చు. కాకపోతే దొడ్డి దగ్గర ఎవరూ సెల్ఫీ దిగరు.

డ్రైవరు బండిని దక్షిణ ముఖంగా సర్దుతుండగానే పిల్లలు పోగయ్యారు. పావుగంటలో యాభై మంది. ఏ హీరో అన్నది వాళ్ళలో వాళ్ళకే తేలలేదు, అభిమాన సంఘాలవారీగా రెండు జట్లుగా విడిపోయారు. ఒకతను ఎక్కణ్ణించో బంతిపూల దండ తెచ్చాడు. లోపల ఎవరూ లేరంటే నమ్మరు, ఉన్నారంటే పోరు. చివరికి తలుపు తెరుచుకుంది. చేతిలో మరచెంబుతో అమ్మ మెట్టు దిగింది. గుంపంతా ఉసూరుమంది. ఒక కుర్రాడు మాత్రం ఆశ చంపుకోలేక "మదర్ క్యారెక్టర్ అయ్యుంటాదిరా" అన్నాడు. అమ్మ ఆ మాటకి ఇప్పటికీ లోలోపల మురుస్తుంది.

చీకటి పడ్డాక పోలీసులొచ్చారు. రాత్రి ఇక్కడ ఉండకూడదన్నారు. మర్యాదగానే అన్నారు. "ఎక్కడ ఉండొచ్చండీ?" అని అడిగాను. "ఎక్కడైనా ఉండండి సార్, ఇక్కడ కాకుండా" అన్నారు. మన తీరం మొత్తానికి పార్కింగ్ విధానం ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేరు. కేరళవాళ్ళు 2021లోనే కారవాన్ల కోసం ప్రత్యేక విధానం ప్రకటించి, బండ్లు ఆగడానికి పార్కులు కూడా మొదలుపెట్టారు. మన తీరంలో అలాంటి పార్కొకటి కట్టినరోజు మొదట గుండె బొమ్మే నిలబెడతారని నా అనుమానం.

ఆ రాత్రి హైవే పక్క పెట్రోలు బంకులో పడుకున్నాం. మూడు రోజుల్లో మేం నిజంగా ఆగిన చోటు అదొక్కటే. నీళ్ళున్నాయి, వెలుతురుంది, తలుపు తీసున్న దొడ్డి ఉంది. మా పక్కన ఇరవై లారీలు. ఒక డ్రైవరు క్యాబిన్ పక్కనున్న ఇనప పెట్టె తెరిచాడు. అందులో చిన్న గ్యాస్ బండ, రెండు గిన్నెలు, కారం, పసుపు, ఎండుచేపల డబ్బా. పావుగంటలో అన్నం వార్చి, టమాటా పప్పు తిరగమోత పెట్టేశాడు. తిన్నాక సీటు వెనక చెక్క మీద దుప్పటి పరిచి, దేవుడి పటం ముందున్న ఎర్ర బల్బు ఆర్పి పడుకోబోతూ మా బండి అద్దె ఎంతని అడిగాడు. చెప్పాను.

"మాకయితే జీతమిచ్చి పడుకోబెడతారండి" అన్నాడు.

మా ఆవిడ గ్యాస్ పొయ్యి అంటించడం ఎలాగో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటోంది అప్పటికి. వాళ్ళు ఎత్తలేదు. డ్రైవరు పప్పులో సగం మేం తిన్నాం. అతని లారీ ముఖం ఏ దిక్కున ఉందో అమ్మ కూడా చూడలేదు. బంకు ఫోటో గ్రూపులో పెడితే డల్లాస్ నుంచి వెంటనే జవాబు వచ్చింది, "క్యాంప్‌గ్రౌండ్ అదిరింది బావా" అని.

రెండో రోజు కోనసీమ. ఒకవైపు కాలవ, ఒకవైపు కొబ్బరిచెట్లు, మధ్యలో మిగిలింది రోడ్డు. పైన కరెంటు తీగలు, కేబుల్ టీవీ తీగలు, కాటన్ దొర కూడా వంచలేని కొబ్బరి మట్టలు. క్లీనరు కుర్రాడు బండి పైకెక్కి, వినాయకుడి ఊరేగింపులో తీగలెత్తే కర్రలాంటి వెదురుతో ఒక్కొక్క తీగా ఎత్తుతుంటే మేం కింద నిమజ్జనానికి వెళ్తున్నట్టు కదిలాం. అంతర్వేదిలో స్వామి దర్శనమయ్యాక, గోదావరి సముద్రంలో కలిసే చోట సూర్యాస్తమయం దాకా ఆగుదామన్నాను. రాజోలులో మా ఆవిడ మేనమామ అప్పటికి ఆరుసార్లు ఫోన్ చేశారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటేద్దామని ఎత్తు వేశాను. పంటువాడు మా బండిని ఒకసారి, గోదారిని ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇక దిండి, చించినాడ వంతెన మీదుగా పోవాలి. ఆ దారి రాజోలు పక్కనుంచే.

"మా వాకిట్లో బండి పెట్టుకుని, అందులో పడుకుంటారా అల్లుడుగారూ? ఊళ్ళో మేం తలెత్తుకు తిరగొద్దా?" అన్నారాయన. అద్దె ఇల్లు వీధిలో, మేం ఇంట్లో. బండిలో డ్రైవరు ఏసీ వేసుకుని పడుకున్నాడు.

మూడో రోజు బందరు లడ్డూ కొన్నాం. మంగినపూడిలో ఇసక బదులు నల్లమట్టి మీద నిలబడి ఫోటో దిగాం. రాత్రికి చీరాల. వాడరేవులో ఒడ్డునే పడుకోవాలని మా అమ్మాయి పట్టు. చీరాలలోనే ఉండే పిన్నిగారి పట్టు అంతకంటే పెద్దది. పెరట్లో కట్టెల పొయ్యి మీద కోడి ఉడుకుతోందంటే సముద్రం ఎవడికి కావాలి?

మొత్తం మూడు రాత్రులకూ సముద్రం కనపడినంత దూరంలో గడిపింది మా అమ్మాయి లెక్కలో గంటా పది నిమిషాలు. బండిలో పొయ్యి వెలగలేదు, బాత్రూమ్‌లో సూట్‌కేసులు తప్ప ఎవరూ అడుగుపెట్టలేదు. అయినా కంపెనీవాడు శుభ్రం చేసే చార్జీ వేశాడు. సూట్‌కేసుల చక్రాలకు నల్లమట్టి అంటిందట.

చీరాల పిన్నిగారికి మనవి. మా ఇడ్లీ పాత్ర, మిక్సీ చిన్న జారు మీ పెరట్లో గట్టు మీద మరిచిపోయాం. విశాఖపట్నం వచ్చేవాళ్ళెవరైనా ఉంటే ఇచ్చి పంపండి. వాళ్ళని రైల్లోనే రమ్మనండి.