ఎనిమిదేళ్లవాడి బొమ్మకు ముప్పయ్యేళ్లవాడి తీర్పు

హొయ్సల విష్ణువర్ధనుడి శాసనాల ప్రకారం ఆయన రాజ్యానికి తూర్పు పొలిమేర నంగలి. పన్నెండో శతాబ్దంలో అక్కడ గీత గియ్యాలంటే రాజుగారికి ఏనుగులు, గుర్రాలు, కాల్బలం కావలసి వచ్చాయి. ఇప్పుడు అదే నంగలిలో పలమనేరు బస్సు కోసం నిలబడ్డ ముప్పయ్యేళ్ల అభిమాని చేతిలో ఫోను ఒక్కటి పెట్టుకుని అంతకంటే గట్టి గీతలు గీస్తున్నాడు. డోరేమాన్‌లో ఏ ఎపిసోడు అసలుది, ఏది ఫిల్లరు? షించాన్ ఏ ఏడు దాకా చూడదగ్గది, ఏ ఏటి నుంచి చూడరానిది? పోకెమాన్‌లో యాష్ ఎక్కడ ఓడిపోతే కథ, ఎక్కడ ఓడిపోతే కుట్ర? అన్నిటికీ అతని దగ్గర తీర్పు సిద్ధం. అప్పీలుకు వీల్లేదు.

ఇతను ఒక్క నంగలిలోనే ఉన్నాడనుకోకండి. ముళబాగిల్లో దోసె పెనం ముందు ఉన్నాడు, కోలారు టమోటా మండీలో లారీ నీడన ఉన్నాడు, బెంగళూరు ఆఫీసు క్యాంటీనులో ఉన్నాడు, డల్లాస్‌లోనూ ఉన్నాడు. అయినా నంగలివాడినే పట్టుకోవడానికి కారణం ఉంది. ఇక్కడి అభిమాని ఒకే బొమ్మ మీద తెలుగులో, కన్నడంలో, తమిళంలో, హిందీలో విడివిడిగా అలగగలడు. సన్ గ్రూపు వాళ్లు 2007లో తమిళ పిల్లలకు చుట్టి టీవీ, 2009లో తెలుగు పిల్లలకు ఖుషి, కన్నడ పిల్లలకు చింటు పెట్టారు. పొలిమేర ఊళ్లో పిల్లకాయ ఏ భాషలో బొమ్మ దొరికితే ఆ భాషలో చూసి, నవ్వి, ఆ నవ్వులోనే నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు. అభిమాని మాత్రం ఏ గొంతు ఒరిజినల్ అని పంచాయితీ పెడతాడు. ఒరిజినల్ జపాన్‌లో ఉంది నాయనా. దానికి తెలుగూ రాదు, కన్నడమూ రాదు.

అభిమాని మతానికి మూడు సూత్రాలున్నాయి.

మొదటిది: మా కాలం బంగారం. కోలారు జిల్లాలో బంగారు గనులు 2001లో మూతపడ్డాయని ప్రభుత్వం అనుకుంటోంది. ఎక్కడ మూతపడ్డాయి? మనవాడు తన చిన్నతనాన్ని రోజూ రెండు షిఫ్టుల్లో తవ్వుతూనే ఉన్నాడు. తవ్విన ప్రతిసారీ శక్తిమాన్ బయటపడతాడు. దూరదర్శన్‌లో 1997లో మొదలైన ఆ సీరియల్లో ముఖేష్ ఖన్నా గిర్రున తిరిగి ఆకాశంలోకి లేస్తే దేశంలోని పిల్లలంతా వాకిట్లో తిరిగి తిరిగి కిందపడ్డారు. అదొక సంబరం, ఎవరూ కాదనరు. కానీ ఇప్పుడు అభిమాని చెప్పేదేమిటి? “అప్పటి కథల్లో లాజిక్ ఉండేదప్పా, ఇప్పుడేముంది?” లాజిక్ అంటే ఏమిటో చూద్దాం. పళ్లు ముందుకు పెట్టి కళ్లజోడు తగిలించుకుంటే చాలు, ఆ గంగాధర శాస్త్రే శక్తిమాన్ అని ఊరు మొత్తంలో ఒక్కరికీ తట్టదు. అది లాజిక్. లడ్డు తిని ఛోటా భీమ్ బలవంతుడైతే మాత్రం అది తెలివితక్కువతనం! ఆ ఛోటా భీమ్‌ను తయారు చేసింది హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ. 2008లో పోగో చానెల్లో మొదలై పిల్లల్ని కట్టిపడేసింది. అభిమాని దృష్టిలో దాని నేరం ఒక్కటే: అది వచ్చేసరికి ఇతనికి మీసాలు మొలిచాయి.

ఇంకో సంగతి. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, సంతలో తమిళం నడిచే ఊళ్లో శక్తిమాన్ హిందీలో వచ్చేవాడు. విలన్ కిల్విష్ ఏమంటున్నాడో సగం మంది పిల్లలకు సగం కూడా అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఆనందించారు, అదే పిల్లల గొప్పతనం. ఇప్పుడు మనవాడు ఆ డైలాగులకు భాష్యం చెబుతున్నాడు. ఆ రోజుల్లో పెద్దవాళ్లు ఏమనుకున్నారో అతనికి గుర్తుందా? ఆ సీరియల్ చూసి పిల్లలు ప్రమాదకరమైన పనులు చేస్తున్నారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. నన్ను చూసి ఇలాంటివి చెయ్యొద్దని శక్తిమానే తెర మీదికొచ్చి పిల్లలకు చెప్పాల్సి వచ్చింది. ఇప్పటి బొమ్మల మీద అభిమాని పెట్టే నేరాలన్నీ అప్పుడు అతని బొమ్మ మీదా పెట్టారు. ఫిర్యాదు పాతదే, సంతకం మారింది.

రెండో సూత్రం: చివరి ఎపిసోడు రహస్యం. ఇది అభిమానులకు మంత్రోపదేశం లాంటిది, గొంతు తగ్గించి చెబుతారు. “నీకు తెలుసా? డోరేమాన్‌లో నోబితా ఉన్నాడే, ఆ పిల్లోడు కోమాలో ఉంటాడంట. డోరేమాన్ అంతా వాడి కల అంట.” టామ్, జెర్రీ రైలు పట్టాల మీద కూర్చుని చచ్చిపోయేదే ఆఖరి ఎపిసోడట. చెప్పేటప్పుడు కళ్లలో ఎంత తృప్తో! పిల్లల నవ్వులో చావు వెతికి పట్టుకున్నానన్న తృప్తి.

నిజం ఏమిటంటే, రైలు పట్టాల మీద కథ ముగిసే ఆ టామ్ అండ్ జెర్రీ బొమ్మ 1956లో వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లపాటు అదే స్టూడియోలో ఆ పిల్లీ ఎలుకా హాయిగా తన్నుకున్నాయి, ఆపైన వేరేవాళ్ల చేతుల్లో దశాబ్దాలు తన్నుకున్నాయి. ఇక డోరేమాన్. దాని సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో పోయాడు, కోమా కథ ఆయన రాసింది కాదు. బ్యాటరీ అయిపోయిన డోరేమాన్‌ను బాగుచెయ్యడానికి నోబితా పెద్ద శాస్త్రవేత్త అవుతాడన్న కన్నీటి కథ కూడా ఆయనది కాదు. చాలాకాలంగా నోటినోటా తిరుగుతున్న ఆ కథను జపాన్‌లో ఒక అభిమాని 2005లో పుస్తకంగా గీసి అమ్మాడు. 2007లో హక్కుదారులకు క్షమాపణ చెప్పి, వచ్చిన లాభంలో వాటా కట్టాడు. అంటే నంగలి బస్టాండులో మనవాడు పరమ రహస్యంగా చెబుతున్నది అసలు రచయిత మాట కాదు, తనలాంటి ఇంకో అభిమాని తీర్పు.

అసలు రచయిత రాసిన ముగింపులు వేరే ఉన్నాయి, అవి కోమా కంటే రుచికరమైనవి. జపాన్‌లో డోరేమాన్ మొదట వచ్చింది తరగతుల వారీగా అచ్చయ్యే పిల్లల పత్రికల్లో: ఒకటో తరగతికి ఒకటి, రెండో తరగతికి ఒకటి, అలాగ. తొలిరోజుల్లో నాలుగో తరగతి దాటితే డోరేమాన్ ఉండేది కాదు. అందుకని 1971 మార్చిలో, మళ్లీ 1972 మార్చిలో నాలుగో తరగతి పత్రికలో డోరేమాన్ భవిష్యత్తులోకి వెళ్లిపోయే కథలు వచ్చాయి. అక్కడ బడి సంవత్సరం మార్చిలో ముగుస్తుంది. పిల్లలు పై తరగతికి వెళ్తున్నారు, డోరేమాన్ సెలవు తీసుకుంటున్నాడు, అంతే. 1974 మార్చిలో మూడో తరగతి పిల్లలకు ఇంకోసారి వీడ్కోలు చెప్పి, ఏప్రిల్‌లో అదే పిల్లలు నాలుగో తరగతికి చేరేసరికి డోరేమాన్ తిరిగొచ్చేశాడు.

ఈ లెక్కలోనే మొత్తం రహస్యం ఉంది. పిల్లల కథను కట్టినవాడు ఒక్క విషయం ముందే ఒప్పుకుంటాడు: నా ప్రేక్షకుడు పెద్దవాడవుతాడు, లేచి వెళ్లిపోతాడు, అతని చోట ఇంకో చిన్నవాడు వచ్చి కూర్చుంటాడు. కథ అక్కడే ఉంటుంది, బెంచీ మీద పిల్లలు మారుతుంటారు. మన అభిమాని నాలుగో తరగతి పాసయ్యాడు, పదో తరగతి పాసయ్యాడు, ఉద్యోగం, పెళ్లి కూడా అయ్యాయి, బెంచీ మాత్రం దిగలేదు. దిగకపోగా, వెనక నిలబడ్డ పిల్లవాడికి తెర కనపడకుండా అడ్డంగా కూర్చుని, కథ ఎదగడం లేదని ఫిర్యాదు చేస్తున్నాడు.

“జరుగన్నా, టీవీ మరుగవతా ఉంది.”

“ఉండ్రా, ఈ ఎపిసోడు నీకు అర్థం కాదు!”

ఇదీ మన నేటి విమర్శ.

మూడో సూత్రం: ఫిల్లరు వద్దు, రిపీటు వద్దు. కథ ముందుకు నడవని ప్రతి ఎపిసోడూ ఇతనికి దండగే. యాష్‌కు 1997 నుంచీ పదేళ్లే, ఇరవై రెండేళ్లు ఓడీ ఓడీ 2019లో మొదటిసారి పెద్ద లీగు గెలిచాడని అభిమాని కుమిలిపోతాడు. పదేళ్లవాడికి పదేళ్లుంటే ఎవరికి నష్టం? చూసే పిల్లకాయకు ఈ ఏడు పదేళ్లు, యాష్‌కూ పదేళ్లు, ఇద్దరికీ సరిపోయింది. ఒకే కథను మళ్లీ మళ్లీ చూపిస్తున్నారని గుండెలు బాదుకునేవాడికి ఒక చిన్న సమాచారం. అమెరికాలో 1996లో మొదలైన బ్లూస్ క్లూస్ కార్యక్రమంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా కావాలనే ఒకే ఎపిసోడు వేశారు. మొదటిరోజు బిత్తరపోయి చూసిన పిల్లలు రోజురోజుకూ జవాబులు ముందే అరిచి చెప్పడం మొదలుపెట్టారు. ఇంకో పిల్లల బొమ్మలో డోరా అనే అమ్మాయి ప్రశ్న అడిగి, కళ్లార్పుకుంటూ ఆగేది కూడా అందుకే. ఆ ఆగిన రెండు క్షణాలు చిన్నవాడి జవాబు కోసం కట్టినవి. అక్కడ మనవాడు “ఎంత సాగదీస్తారప్పా” అని నిట్టూరుస్తాడు. డోరా అతన్ని అడగలేదు.

టీనేజి సీరియళ్ల దగ్గరికొస్తే పాండిత్యం మరీ ముదురుతుంది. 2006లో డిస్నీలో మొదలైన హన్నా మోంటానాలో పగలు మామూలు అమ్మాయి రాత్రికి విగ్గు పెట్టుకుని పాటల రాణి అవుతుంది, బళ్లో ఎవరూ గుర్తుపట్టరు. అమెరికా గంగాధర శాస్త్రి అన్నమాట. ఆ అమ్మాయి ఏ అబ్బాయిని ఎంచుకుని ఉండాల్సిందన్న విషయం మీద మనవాడు ఇప్పటికీ నిద్ర మానుకోగలడు. ఇంట్లో అతని అక్క కూతురు ఎనిమిదో తరగతి. ఆ పిల్ల వయసుకు తెలుగులో చూడ్డానికి ఏముంది? అత్తాకోడళ్ల సీరియల్, డాన్సు పోటీ, ఆపైన కామెడీ షో. బడి, పరీక్షలు, సైకిలు, స్నేహాలు ఉన్న పద్నాలుగేళ్ల తెలుగు పిల్ల కథ చానెళ్లలో దొరకడం గగనం. దాని మీద అతనికి ఒక్క అభిప్రాయమూ లేదు.

పెద్దవాళ్లు పిల్లల కార్యక్రమాల గురించి నోరెత్తకూడదా? తప్పకుండా ఎత్తాలి. షించాన్ మాటలు, చేష్టలు పిల్లలకు తగవని తల్లిదండ్రులు గోలపెడితే 2008లో కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపించింది, కత్తెర్లు పడ్డాక మళ్లీ వచ్చింది. ఆపించడం సరైందా కాదా అన్నది వేరే వాదన, కానీ వాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనది: ఇది నా బిడ్డను ఏం చేస్తుంది? తమాషా ఏమిటంటే ఆ షించాన్ 1990లో పుట్టింది జపాన్‌లో పెద్దవాళ్లు చదివే పత్రికలో. ముప్పయ్యేళ్లవాడు దర్జాగా కూర్చుని ఇది నాది అనగలిగిన బొమ్మ ఏదైనా ఉంటే అదే. అక్కడ మాత్రం మనవాడు “పిల్లల బొమ్మను పాడుచేశారు” అని ఏడుస్తాడు.

బొమ్మలు తీసేవాళ్లకు ఈ గోల తెలియదనుకోవడం ఇంకో అమాయకత్వం. అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్‌లో పెద్ద లోయ దాటే ‘ది గ్రేట్ డివైడ్’ అనే ఎపిసోడంటే అభిమానులకు ఒళ్లుమంట. ఆ సీరియల్ తీసినవాళ్లే 2008లో చివరి ఎపిసోళ్లకు ముందు, తమ కథనే నాటకంగా వేయించి, ఆ లోయ దగ్గరికి రాగానే ఆగకుండా ఎగిరిపొమ్మని పాత్రల చేత అనిపించి నవ్వుకున్నారు. వాళ్లు తమ తప్పును ఒక్క జోకుతో ముగించారు. మనవాళ్లు ఇంకా దాని మీద కోడిగుడ్డుకు ఈకలు పీకుతూనే ఉన్నారు.

కోపం తెచ్చుకోవడానికి నంగలిలో నిజమైన కారణం ఒకటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. శంకర్ నాగ్ 1980ల్లో మాల్గుడి డేస్ తీసినప్పుడు ఇదే రాష్ట్రంలో ఆ కొసన ఉన్న ఆగుంబె వీధుల్ని, మాస్టర్ మంజునాథ్ అనే పిల్లవాణ్ని దేశమంతటికీ చూపించాడు. ఈ కొసన ఉన్న కోలారు సీమ పిల్లవాడిని ఇంతవరకూ ఎవరు చూపించారు? తెలుగులో ఆలోచించి, కన్నడంలో పాఠం ఒప్పజెప్పి, రెండూ కలిపి తిట్టుకునే పిల్లవాడి నోటిమాట ఏ బొమ్మలోనూ వినపడదు. బొమ్మల్లో వాడికి దొరికే ఊరు ఛోటా భీమ్ ఉండే ఢోలక్‌పూర్, లేదంటే నోబితా ఉండే టోక్యో. అభిమానికి డోరేమాన్ జేబులోని పరికరాల పేర్లన్నీ కంఠతా వచ్చు. తన ఊరి పిల్లలకు ఒక్క కథ రాయమనండి, పలమనేరు బస్సు వచ్చేసిందంటాడు.

కాబట్టి అభిమానిగారూ, చూడండి, ముప్పయ్యేళ్లకూ అరవయ్యేళ్లకూ చూడండి, ఎవరూ వద్దనరు. నచ్చితే నవ్వండి. మీ చిన్నతనం మీ సొంత ఆస్తి, దాన్ని ఎవరూ జప్తు చెయ్యడం లేదు. కానీ ఏ ఎపిసోడు మంచిదో తేల్చే అధికారం ఆ బొమ్మ ఎవరికోసం తీశారో వాళ్లది. గదిలో ఎనిమిదేళ్లవాడు ఉన్నప్పుడు తీర్పు వాడిని చెప్పనివ్వండి, రిమోటు వాడి చేతికివ్వండి, కాస్త పక్కకు జరగండి.