బిల్డు పోయిందా? కంగారెందుకండీ!

రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద కూర్చుని హైదరాబాదు ఉద్యోగం వెలగబెట్టే సాఫ్ట్‌వేరు బాబులకు ఈ నాలుగు ముక్కలు. రాత్రి సుబ్బరంగా అయిన బిల్డు, సిస్టమ్ అప్‌డేట్ వేసుకున్నాక పొద్దున్నే ‘మల్టిపుల్ డెఫినిషన్’ అంటూ అడ్డం తిరిగిందా? ఆయ్, దానికో పద్ధతుందండి.

ముందు ఎర్రరు చదవకండి. ఏ పేరు, ఏ రెండు ఫైళ్ళలో ఉందో లింకరు పైవరుసలోనే చెబుతుంది గనక అటు చూడనే కూడదు. అట్టడుగున ‘ఎర్రర్ 1’ అని ఉంటుంది చూడండి, దాన్ని ఫోటో తీసి టీముకు పంపండి. ఆనక కరెంటును తిట్టండి. బిల్డు ఫోల్డరు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదట్నుంచి పెట్టి, పుష్కరాల రేవుకెళ్ళి గాలి పోసుకు రండి. వచ్చేసరికి అదే ఎర్రరు మీకోసం కాచుక్కూచుని ఉంటుంది.

అసలు కారణం తెలియాలన్న దురలవాటుంటే మాత్రం నిన్నటి కంపైలు కమాండునీ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెట్టండి. ఆప్షన్లన్నీ పొల్లుపోకుండా ఒకటే! ఇక్కడే చాలామంది టీకి లేచిపోతారు. కొంప ముంచింది మీరు రాయని ఆప్షను. 2020 మేలో వచ్చిన జీసీసీ 10 నుంచి సీ భాషకు ‘-ఎఫ్‌నో-కామన్’ అడక్కుండానే అమలవుతోంది. హెడ్డరులో ‘ఎక్స్‌టర్న్’ మర్చిపోయి ‘ఇంట్ కౌంట్;’ అని రాస్తే, దాన్ని తెచ్చుకున్న ప్రతి సీ ఫైలూ తనకో కౌంటు పుట్టించుకుంటుంది. ఇదివరకు లింకరు మా వీధి పాత రేషను డీలరుగారి టైపు. ఒకే సుబ్బారావు రెండు కార్డుల్లో కనబడితే ‘పోన్లెండి, మనిషొకడేగా’ అని కలిపేసుకునేది. ఇప్పుడు వేలిముద్ర మిషనొచ్చింది, మొహమాటం లేదు.

మందేమిటంటారా? హెడ్డరులో ‘ఎక్స్‌టర్న్’ పెట్టి, ఒక్క సీ ఫైల్లో అసలుది రాయడం. రెండు నిమిషాల పని, అందుకే ఎవరూ చెయ్యరు. మీరూ మేక్‌ఫైల్లో ‘-ఎఫ్‌కామన్’ తగిలించి, పక్కన ‘తాత్కాలికం’ అని కామెంటు పెట్టండి. మా మేక్‌ఫైల్లో అలాంటి తాత్కాలికాలు ఏడున్నాయండి, ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొర. ఒకటి లాగితే మిగతావి చిరుగుతాయని ఎవరూ వేలు పెట్టరు. నేనూ మొన్న ఎనిమిదోది జాగ్రత్తగా పైనే పరిచి వచ్చాను.