150 రూపాయల జిల్లేడు

మా ఊళ్లో ఆడవాళ్లు తిట్టుకుంటే చివరి తిట్టు ఒకటే: "నీ ఇంట్ల జిల్లేళ్లు మొల్వ!" ఇల్లు పాడుబడాలి, దీపం పెట్టే దిక్కు లేక గోడల్లోంచి జిల్లేళ్లు లేవాలి అని. ఆ శాపాన్నే నేను నిజామాబాద్‌లో బండిమీద మొక్కలమ్మే అబ్బాయికి 150 రూపాయలిచ్చి కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నా చేతిలో ఆరు గులాబీలు, రెండు మందారాలు, చివరికి మనీప్లాంటు కూడా పోయాయి. మనీప్లాంటును చంపడమంటే మాటలు కాదు. "మీ చేతికి జిల్లేడు గూడ బతకదు" అంది మా ఆవిడ. రోషం వచ్చింది. తెల్ల జిల్లేడైతే మంగళవారం హనుమంతుడికి దండ వేయొచ్చు, ఎప్పటికైనా వేరుతో శ్వేతార్క గణపతిని చేయించుకోవచ్చు. అబ్బాయి "తెల్లదే సార్" అన్నాడు. నమ్మాను.

వారం తిరక్కుండా ఆకుల మీద తెల్లటి పొడి కనిపించింది. బూడిద తెగులని తేల్చేశాను. ఇలాంటివి తేల్చడంలో నేనెప్పుడూ ఆలస్యం చేయను. తడిగుడ్డతో ఆకు ఆకూ తుడిచాను. బొటనవేలితో రుద్దితే తెలుపంతా వేలికి అంటుకుని, కింద ఆకు పచ్చగా తేలింది. నాలుగు రోజులు అద్దాలు తుడిచినట్టు తుడిచి మురిసిపోయాను. ఆ తెలుపు తెగులు కాదట. ఎండ తగలకుండా, ఒంట్లో నీరు ఆవిరి కాకుండా ఆకు కప్పుకున్న నూగు. అంటే ఎండలో నిలబడ్డవాడి గొడుగు లాక్కుని, పాపం దాహమేస్తుందేమోనని రెండుపూటలా చెంబులు గుమ్మరించానన్నమాట.

ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. పాలు పోసే అవ్వ గేటు దగ్గర ఆగి చూసింది. "ఏంది సారు, జిల్లేడుకు నీళ్లు పోస్తున్నవా? రోడ్డు మీద దానికి ఎవ్వలు పోస్తున్రు?"

అయినా పోశాను.

మే నెలలో బావమరిది కూతురి పెళ్లికని బోధన్ వెళ్లి పన్నెండు రోజులున్నాం. ఒక సాయంత్రం శక్కర్‌నగర్ వైపు నడిచాం. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఉన్నది అక్కడే. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2015 డిసెంబరులో మూతపడింది. సీజనొస్తే చెరుకు బండ్లు ఎంత దూరం వరుస కట్టేవో, మడ్డి వాసన ఇళ్లలోకి ఎలా వచ్చేదో బావమరిది చెప్తున్నాడు. అతని గొంతు కాస్త పట్టేసింది. నేనేమో పాత గోడ వారగా నిలువెత్తు లేచిన జిల్లేళ్లను చూస్తున్నాను. ఒక్కో ఆకూ వెండి పళ్లెంలా ఉంది. వీటిని ఎవరూ తుడవలేదు కదా అని నా బాధ. మా ఊరి తిట్టు నాకు గుర్తొచ్చింది గానీ, అతనితో అనలేదు.

ఇంటికొచ్చి, మొక్క పోయి ఉంటుందని భయపడుతూనే గేటు తీశాను. కొత్తగా రెండు జతల ఆకులేసింది. నూగు మళ్లీ పట్టింది. దసరాకల్లా మొగ్గ తొడిగింది. వీధంతా చాటాను. పక్కింటి పెద్దమ్మ మంగళవారానికి, ఎదురింటివాళ్లు శనివారానికి పూలు చెప్పి పెట్టుకున్నారు.

పూసింది. వంకాయ రంగు. బోధన్ రోడ్డు పొడుగునా ఊరికే పూసేదే.

"మూడో పెళ్లి చేసుకునేటోనికి ముందుగాల జిల్లేడుకు తాళి కట్టిస్తరట" అంది మా ఆవిడ, నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే. "మీకు రెండోది లేకుండనే కుదిరింది."

దాని పరువు రథసప్తమి కాపాడింది. ఆ రోజు నెత్తిన ఏడు జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయాలి. అర్కమంటే సూర్యుడు, అర్కమంటే జిల్లేడు. పువ్వు ఏ రంగైతే ఆకుకేం? ముందురోజు సాయంత్రమే వీధంతా మా గేటు ముందుంది. మనిషికి ఏడు చొప్పున నలుగురున్న ఇంటికి 28. తుంచిన చోటల్లా పాలు బొటబొటా కారాయి. ఆ చేత్తోనే కన్ను నలుపుకోబోతే మా ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది. కంట్లో పడితే చూపుకే మోసం. సబ్బుతో రెండుసార్లు కడిగించింది.

తెల్లారి చూస్తే నాలుగు కట్టెలు, కొసన రెండు చిగుళ్లు మిగిలాయి. జాలేసింది. ఎవరూ చూడటం లేదనుకుని చెంబు ముంచాను.

"కింద పెట్టుండ్రి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.