ఎనిమిది వందలకు ఉద్వాసన

"గాడీ ఉందా అన్నా? లాస్ట్ ఎంత?"

నమస్కారం లేదు, పేరు లేదు, ఏ మోడలన్న ప్రశ్న లేదు. పాత కారు అమ్ముతానని ఫోన్లో ప్రకటన పెట్టిన మనిషికి తెల్లారి పాలవాడి కన్నా ముందొచ్చే పలకరింపు ఇది. మొదటి ధర చెప్పకముందే ఆఖరి ధర అడగడం మన దగ్గర ఓ శాస్త్రంగా ఎదిగింది. ముప్ఫై వేలంటే అవతలివాడు నవ్వుతాడు. పాతికంటే "చూసి చెప్తా" అంటాడు, చూడడు. ఒకాయన కారు అక్కర్లేదుగానీ టైర్లు విడిగా ఇస్తారా అని అడిగాడు. ఇంకొకాయన సినిమా షూటింగుకి కావాలన్నాడు. యజమాని ముఖం వెలిగింది. ఏ సీన్లో అని అడిగితే, విలన్ లోయలోకి తోసే సీన్లో అని తేలింది.

మారుతీ 800. తెలుపు రంగు, అంటే ఆర్సీలో తెలుపు. 2001లో సికింద్రాబాద్‌లో రిజిస్టరైంది, ఏపీ 10 నంబరు.

పోనీ అమ్మడం మానేసి బాగు చేయించుకుందామంటే మెకానిక్ అడ్డం తిరిగాడు. "ఇంజన్ మంచిగుంది సార్. బాడీనే ఖతమ్," అంటూ కిందికి దూరి టార్చి కొట్టి చూపించాడు. డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తోంది. టింకరింగు, వెల్డింగు, పెయింటు, రేడియేటర్, క్లచ్ ప్లేటు, స్టీరింగ్ రాక్ అని క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటూ పోయాడు. కూడితే అరవై వేలు దాటింది. "పెట్టినదానికి వాల్యూ రాదు సార్. కాటాకి వేసెయ్యిండ్రి."

యజమానిని నిద్రపోనివ్వనిది ఈ వాక్యమే. కారు పాడైందంటే ఒప్పుకోవచ్చు. కానీ మెకానిక్ చెబుతున్నది అది కాదు. కారు బాగుపడుతుంది, బాగుపడ్డా దాని ధర పెరగదు, కాబట్టి బాగుచేయకూడదు. బండి వయసు చూసి రేడియేటర్ తన రేటు తగ్గించుకోదు, వెల్డింగువాడు కూలి తగ్గించుకోడు. తగ్గేదల్లా కారు విలువే, అదీ షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా సరే. మోటారు బీమా పట్టిక ప్రకారం కొత్త కారు మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం విలువ పోగొట్టుకుంటుంది, నాలుగేళ్లు దాటితే సగం. ఐదేళ్లు నిండాక ఆ పట్టికలో గడే లేదు, కారు యజమానీ బీమా కంపెనీ కూర్చుని ఏదో ఒక అంకె ఒప్పుకోవాలి. రిపేరు ఖర్చు ఆ అంకెలో 75 శాతం దాటితే బండి మొత్తం పోయినట్టే లెక్క. పాతిక వేల విలువ కట్టిన కారుకి ముందు బంపరూ, ఓ తలుపూ, రేడియేటరూ సొట్టపోతే చాలు, అది నడుచుకుంటూ ఇంటికొచ్చినా కాగితం మీద పోయినట్టే.

ఇదే బండి జాతిలో మొదటిది 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్‌కి అందింది. ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. 2010లో పోయేదాకా దాన్ని అమ్మలేదు. ఆ తర్వాత అది ఇంటి ముందే తుప్పు పట్టింది. చివరికి కంపెనీవాళ్లే బాగుచేసి, మెరుగుపెట్టి, తమ కార్యాలయంలో నిలబెట్టుకున్నారు. పెట్టినదానికి వాల్యూ వచ్చిందా అని వాళ్లనెవరూ అడిగి ఉండరు. మొదటి కారుకి అద్దాల మేడ. దాని వెనక వచ్చిన లక్షల తమ్ముళ్లకి కాటా. 2010 ఏప్రిల్‌లో కాలుష్య నిబంధనలు మారి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో వీటి అమ్మకం ఆగింది, 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. ఇంజిన్ సామాను ఓమ్నీదో మరోటో వెతికి తేవచ్చు. తలుపు అద్దం కావాలంటే మాత్రం ఇంకో 800 ఎక్కడైనా చావాలి.

గుజరాత్‌లో ఓ రైతు కుటుంబం ఈ చిక్కుకి వేరే దారి కనిపెట్టింది. 2024 నవంబర్‌లో అమ్రేలీ జిల్లాలో వాళ్లు తమకు కలిసొచ్చిన పన్నెండేళ్ల వేగన్ ఆర్‌ని పూలతో అలంకరించి, పురోహితుల మంత్రాల మధ్య పొలంలో పెద్ద గోతిలో సమాధి చేశారు. ఊరంతటికీ భోజనాలు. ఖర్చు నాలుగు లక్షల దాకా అయిందని పత్రికలు రాశాయి. ఈ వార్త చదివి వినిపిస్తే యజమాని భార్య ఒకటే మాటంది. "మన వీధిలో మూడడుగులు తవ్వితే డ్రైనేజీ పైపు తగులుతుంది. తర్వాత మీ ఇష్టం."

ఇక్కడ డాష్‌బోర్డు మీది స్వామి సంగతి చెప్పాలి. కారు కథ కాసేపు ఆగినా ఫర్వాలేదు, అది ఎలాగూ కదలదు.

షోరూం నుంచి ఇంటికొచ్చిన రోజే, చక్రాల కింద నిమ్మకాయల తొక్కలు ఇంకా తడిగా ఉండగానే, బొటనవేలంత వేంకటేశ్వరస్వామి డాష్‌బోర్డు మధ్యలో వెలిశాడు. మొదట రెండువైపులా అంటుకునే టేపు మీద. మే నెల ఎండకి టేపు కరిగి స్వామి గేర్ రాడ్ మీదికి వాలాడు కాబట్టి ఫెవిక్విక్. స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ ఊగాడు కాబట్టి ఎం-సీల్. ఆపైన దసరా దసరాకీ పసుపు ఒక పొర, కుంకుమ ఒక పొర. స్వామి విశిష్టాద్వైతులకు ఎంత ప్రీతిపాత్రుడైనా, ఆయన పీఠానికీ డాష్‌బోర్డు ప్లాస్టిక్కుకీ మధ్య మాత్రం శుద్ధ అద్వైతమే సిద్ధించింది.

"ఒరేయ్, కారుని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. స్వామిని తుక్కువాడికి అప్పగించావో, ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను," అని యజమాని తల్లి తేల్చేసింది.

మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసి "ఒక్క దెబ్బ సార్" అనగానే ఇంటిల్లిపాదీ కెవ్వుమన్నారు. మనవడు ఫోన్ చూసి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి పళ్లు శుభ్రం చేసుకునే దారంతో కోయాలన్నాడు. దేవుడి విషయంలో పళ్ల దారమేమిటని నానమ్మ కోప్పడితే, మల్లెపూలు కట్టే దారంతో రాజీ కుదిరింది. పంతులుగారికి ఫోన్ చేశారు. ఉద్వాసన చెప్పుకుని విగ్రహాన్ని కొద్దిగా ఈశాన్యానికి కదపమన్నారాయన. వినాయక చవితికి అందరూ చేసే పనే. కానీ పూజగదిలో ఈశాన్యం ఎటూ పోదు. కారులో ఈశాన్యం పార్కింగుని బట్టి ఉంటుంది.

స్వామి ఎడమవైపుకి తప్ప కదిలేలా లేడు. ఎడమవైపు ఈశాన్యం కావాలంటే కారు మొహం ఆగ్నేయానికి ఉండాలి. వీధేమో నిఖార్సుగా తూర్పు పడమరలు. కాబట్టి బండిని వీధికి అడ్డంగా, ఏటవాలుగా తిప్పి పెట్టాలి. బ్యాటరీ ఎప్పుడో పడుకుంది కాబట్టి తోసి పెట్టాలి. తోశారు. మనవడు ఫోన్లో దిక్సూచి చూస్తే కారులోపల ఒక ఈశాన్యం, బయట ఇంకో ఈశాన్యం చూపించింది. చుట్టూ అంత ఇనుముంటే అయస్కాంతం మాత్రం ఏం చేస్తుంది? ఎదురింటి రిటైర్డ్ సర్వేయరు గారు లుంగీ మీదే వచ్చి, సూర్యుణ్ణి చూసి కోణం నిర్ణయించారు. ఈలోగా అటునుంచి ఆటో, ఇటునుంచి మంచినీళ్ల ట్యాంకరు వచ్చి ఆగాయి. హారన్లు. ట్యాంకరు డ్రైవరు తిట్టడానికే దిగాడు. సంగతి తెలిశాక చెప్పులు విడిచి, లోపలికి వంగి దణ్ణం పెట్టుకుని, "కొబ్బరినూనె పొయ్యుండ్రి, ఎంత గట్టి గమ్మైనా వదుల్తది," అన్నాడు. వదిలింది. గోవింద నామాల మధ్య స్వామి చేరెడు డాష్‌బోర్డు ముక్కతో సహా ఊడి వచ్చాడు. ఆ ముక్కే ఇప్పుడు పూజగదిలో పీట.

సరే, కారు.

తుక్కు చేయడం కూడా ఇప్పుడు చట్టబద్ధమైన సంస్కారం. ప్రధాని 2021 ఆగస్టు 13న ప్రకటించిన విధానం ప్రకారం గుర్తింపు పొందిన కేంద్రానికి బండి అప్పగిస్తే కొత్త కారు షోరూం ధరలో 4 నుంచి 6 శాతం దాకా తుక్కు విలువ వస్తుందని అంచనా. వాళ్లు నూనెలు, గ్యాస్, బ్యాటరీ తీసేసి, విడగొట్టి, డిపాజిట్ సర్టిఫికెట్ అనే కాగితం ఇస్తారు. దాన్ని చూపిస్తే కొత్త బండి పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని రాష్ట్రాలకు కేంద్రం చెప్పింది. ఇది బుజ్జగింపు. బెదిరింపు ఇంకో వైపు ఉంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఒకప్పుడు రుసుము 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. ఈ బండికి 2016లో ఒకసారి, 2021లో ఒకసారి ఆయుష్షు పోశారు, రెండుసార్లూ పాత రేటుకే. 2026లో పోయాలంటే ఆ పొడిగింపుకే కారు ధరలో మూడో వంతు అవుతుంది. గుంతలు పూడ్చని రోడ్డు మీద సస్పెన్షన్ పోగొట్టుకున్న బండిని ఫిట్‌నెస్ పరీక్షకి రమ్మనడం ఎంత ధైర్యం!

ఆర్సీ తీసి చూస్తే అందులో ఇంకా బ్యాంకు అప్పు ఉన్నట్టే రాసి ఉంది. అప్పు ఎన్నడో తీరింది. అది తీరినట్టు చెప్పాల్సిన బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. కారు అప్పులకి మనుషుల కన్నా ఆయుష్షెక్కువ. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా ఫియట్ కొనడానికి పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేశారు. 1966లో ఆయన పోతే, లలితా శాస్త్రి తన పెన్షన్లోంచి తీర్చారు. నంబరు పలక సంగతి మరో పురాణం. ఏపీ 10 అని రాసుకుని ఇల్లు కదలకుండా కూర్చుంటే చుట్టూ రాష్ట్రం మారి 2014లో టీఎస్ అయింది, 2024 మార్చిలో టీజీ అయింది. రోడ్డు మీద కుర్రాళ్లు ఇప్పుడు ఈ కారుని చూసి "విజయవాడ నుంచొచ్చారా అంకుల్?" అని అడుగుతున్నారు.

ఇంతవరకూ యజమాని, యజమాని అని రాసుకొచ్చాం గానీ, ఆర్సీ ప్రకారం ఆయన యజమాని కాడు. ఆ పేరు ఆయన తండ్రిది. ఉద్యోగమంతా సైకిలూ స్కూటరూ తొక్కి, రిటైరయ్యే ముందు సగం పీఎఫ్, సగం అప్పు పెట్టి కొన్న బండి అది. రెండు పొడిగింపులకూ లైన్లో నిలబడింది ఆయనే. ఆ తర్వాత పోయారు.

బండి సొంతదారు పోతే 30 రోజుల్లో రవాణా శాఖకి చెప్పాలి, మూడు నెలల్లో వారసుడి పేరుకి మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. దానికి ఫారం 31. మిగతా కాగితాలన్నిటికీ కొడుకు చకచకా సంతకాలు పెట్టాడు. రేషన్ కార్డులోంచి, ఓటర్ల జాబితాలోంచి, పెన్షన్ ఖాతాలోంచి పెద్దాయన పేరు వారాల వ్యవధిలో వెళ్లిపోయింది. ఆర్సీ దగ్గర మాత్రం ఏదో ఒక వంక. నిరుడు ఓ సాయంత్రం ఫోన్‌కి చలాను వచ్చింది, తండ్రి పేరు మీద. ట్యాంక్‌బండ్ దగ్గర రెడ్ సిగ్నల్ దాటారట. జీవితంలో నలభై దాటి నడపని మనిషి. నడిపింది కొడుకే, సిగ్నల్ చూసుకోలేదు. ఆ చలాను అతను నెలల తరబడి కట్టలేదు. కట్టేస్తే జాబితాలోంచి పోతుంది, ఆ పేరుతో ఇంకో ఉత్తరం రాదు. ఇప్పుడు కారు అప్పగించాలంటే చలానూ కట్టాలి, ఫారమూ నింపాలి. రెండూ ఒకే పూట చేశాడు. మరణించిన సొంతదారు పేరు అన్న గడిలో రాస్తుంటే, పక్కన వేచి ఉన్నవాళ్లు పెన్ను అయిపోయిందా అని తమది ఇవ్వబోయారు.

తూకానికి కారు వెళ్లిపోయింది. 650 కిలోల బండికి సెంటిమెంటు కలిపి తూచే కాటా ఇంకా రాలేదు.

కొత్త కారు చూడటానికి ఇంటిల్లిపాదీ షోరూంకి వెళ్లారు. సేల్స్ కుర్రాడు అద్దం పలకంత తెర వెలిగించి మ్యాపులూ పాటలూ చూపిస్తున్నాడు. తల్లి అవేవీ చూడలేదు. డాష్‌బోర్డు అంతా చేత్తో తడిమింది. ఎక్కడ చూసినా వాలుగానే ఉంది, కాస్త చదునైన చోటు ఎడమ సీటు ముందు మాత్రమే.

"ఇక్కడ కూర్చుంటాడు స్వామి," అంది.

"అక్కడ ఏమీ అంటించకూడదమ్మా. గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ అక్కణ్ణుంచే తెరుచుకుంటుంది. 2021 నుంచి ముందు సీట్లు రెండింటికీ గవర్నమెంటే తప్పనిసరి చేసింది."

"స్వామి ఉండగా గాలిసంచీ ఎందుకు నాయనా?"

కుర్రాడు మేనేజరుని పిలుచుకొస్తానని లోపలికి వెళ్లాడు.